తోడేలు పళ్ళ చక్రం

గడియారాలు బాగుచేసే ఆయనకు మేనత్తంటే చిన్నప్పటి నుంచీ భయం. కొట్టు గోడ నిండా వేలాడే గడియారాలన్నీ ఆయన మాట వింటాయి గానీ, ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టిందంటే ఆయనే ఆగిపోతాడు.

ఆ రోజు ఆవిడ వస్తూనే బల్ల మీది పట్టుకార్లనూ మరమేకుల డబ్బాలనూ మోచేత్తో పక్కకు నెట్టి, రుమాలు మూట విప్పింది. అందులో ఒక జేబు గడియారం.

“మీ మామయ్యదిరా. నడిపించు.”

“ఏమైందత్తా దీనికి?”

“ఏమైందో తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? నేనే చేసుకునేదాన్ని కదా!”

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తెరిచాడు. తెరిచి అలాగే ఉండిపోయాడు. అలాంటి యంత్రం గురించి ఆయన తనకు పని నేర్పిన గురువు నోట వినడమే తప్ప కళ్ళతో చూసింది లేదు. ఎక్కడో ఒక చిన్న కార్ఖానాలో కొన్నాళ్ళు తయారై, ఆ కార్ఖానా మూతపడగానే ఆగిపోయిన రకం. మామూలు గడియారాల్లో కీ ఇచ్చినప్పుడు తిరిగే చక్రానికి పళ్ళు నిటారుగా ఉంటాయి. దీని పళ్ళు మాత్రం ఒక పక్కకు వంగి, కొనదేలి, తోడేలు కోరల్లా ఉన్నాయి. గురువు దాన్ని తోడేలు పళ్ళ చక్రం అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా గురువు కూడా కాస్త పళ్ళు బయటపెట్టేవాడు.

దుమ్ము పట్టిందే గానీ మిగతా యంత్రమంతా నిక్షేపంలా ఉంది. ఆ చక్రానికే ఒక పక్క పళ్ళన్నీ ఊడిపోయి ఉన్నాయి. ఎవరో మహానుభావుడు పెద్ద పటకారుతో తిప్పినట్టున్నాడు.

“చక్రం పోయిందత్తా. కొత్తది ఎవరూ చెయ్యరు. ఇలాంటి గడియారమే ఇంకొకటి, పనికిరాకుండా పోయింది దొరికితే, అందులోంచి తీసి వెయ్యాలి.”

“అయితే దొరికించు,” అని ఆవిడ వెళ్ళిపోయింది, ఏదో పక్క వీధి కొట్లో అగ్గిపెట్టె తెమ్మన్నంత తేలిగ్గా.

పక్క కొట్టు పళ్ళ డాక్టరుది. ఆ డాక్టరు ఈయన భార్యకు తమ్ముడు. ఇద్దరి మధ్యా పల్చటి చెక్క గోడ ఒకటే అడ్డం. దాని మీదుగా బావా బావమరుదులు రోజంతా కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. నోట్లో దూది పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ ప్రశ్నలు తమనే అడుగుతున్నారనుకుని “ఆఁ... ఆఁ...” అని జవాబు చెబుతుంటారు.

“బావా, ఎవరికో పళ్ళు పోయాయంటున్నావు?” అని గోడ అవతల నుంచి వినిపించింది.

“చక్రానికిరా.”

“పై వరసా, కింది వరసా?”

“గుండ్రంగా ఉంటుంది. దానికి పైనా కిందా ఏముంటుంది?”

“అయితే నేను చూడాల్సిందే,” అని నుదుటి మీద దీపం వెలుగుతుండగానే డాక్టరు వచ్చేశాడు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చిగుళ్ళు గట్టిగానే ఉన్నాయి బావా. కట్టుడు పళ్ళు పెట్టేద్దాం,” అన్నాడు.

“నోరు మూసుకుని వెళ్ళు.”

“నా వృత్తిలో నోరు మూసుకోమని ఎవరూ అనరు.”

ఆయన ససేమిరా అన్నాడు. కానీ పాత సామాను కొట్లన్నీ గాలించి, తెలిసిన పనివాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఎక్కడా ఆ చక్రం జాడ దొరక్క, చివరికి “సరే, నీ సరదా ఎందుకు కాదనాలి,” అని చక్రాన్ని బామ్మర్ది చేతిలో పెట్టాడు. డాక్టరు పళ్ళకు వాడే సిమెంటుతో ఒక్కో పన్నూ కట్టి, నీలం దీపం కింద గట్టిపరిచి, అరగదీసి, మెరుగుపెట్టి తెచ్చాడు. చూడడానికి అచ్చం కోరల్లాగే ఉన్నాయి. అలవాటు కొద్దీ, “ఈ పూటకు గట్టివేమీ నమలనివ్వకు,” అని కూడా చెప్పాడు.

చక్రం బిగించి కీ ఇచ్చారు. కిర్రుమంది. మళ్ళీ ఇచ్చారు. ఇంకాస్త గట్టిగా కిర్రుమంది. డాక్టరు టీ గ్లాసు చేతిలో పట్టుకుని గర్వంగా నవ్వాడు. మూడోసారి తిప్పగానే టప్‌మని పన్ను ఎగిరింది, లోపలి స్ప్రింగు జుయ్యిమంటూ విప్పుకుంది. ఆ అదురుకు ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచాక పన్ను కోసం బల్ల కింద, కుర్చీ కింద, చొక్కా మడతల్లో వెతికారు. వెతికి వెతికి అలసిపోయి డాక్టరు టీ తాగేశాడు.

తాగాక మొహం అదోలా పెట్టి, “బావా, నేనేదో మింగాను,” అన్నాడు.

ఆ తర్వాత కట్టుడు పళ్ళ ప్రస్తావన మళ్ళీ రాలేదు. మేనత్త మాత్రం వస్తూనే ఉంది. కూరగాయలకు వెళ్తూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి కొట్లోకి తొంగిచూసి, “దొరికిందా?” అని అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ కూడా తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది. ఆవిడ ఊపే తీరులో చాలా అర్థాలుండేవి.

ఇలా ఉండగా ఒక ఉదయం వీధి చివరి దర్జీ ఒక టోపీ పట్టుకుని కొట్టుకొచ్చాడు. ఖాళీ వేళల్లో అతను వీధి నాటక బృందానికి దుస్తులు కుడుతుంటాడు.

“అన్నా, పారేసే చక్రాలేమైనా ఉంటే ఇస్తావా? నాటకంలో మంత్రికి టోపీ అలంకరించాలి. ఇదిగో, ముందువైపు ఒకటి ఉంది. వెనకవైపు బోసిగా ఉంది.”

మంత్రిగారి టోపీ వంకాయ రంగు మఖమలుది. దాని ముందువైపు ఒక పాత గడియారం యంత్రాన్ని పూసలతో కలిపి కుట్టేశారు. గడియారాలాయన ముందు మామూలుగానే చూశాడు. తర్వాత భూతద్దం పెట్టుకుని చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడి చూశాడు. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం లేదు, పై పలక సగం తుప్పుపట్టి ఉంది. కానీ ఒక మూల, ఒక్క పన్ను కూడా పోకుండా, తోడేలు పళ్ళ చక్రం తళతళలాడుతూ ఉంది.

“ఇది... ఇదెక్కడిది?” అన్నాడు. గొంతు కీచుమంది.

“పాత సామానులో ఒక బొమ్మ ఓడ దొరికితే, దాని మీద అతికించి ఉందన్నా. ఓడ విరిగిపోయింది. ఇది బాగుందని టోపీకి కుట్టాను.”

“నాకిచ్చెయ్! దీని బదులు నీకు ఎన్ని చక్రాలు కావాలంటే అన్ని ఇస్తాను. గోడ గడియారం మొత్తం కుట్టుకో!”

దర్జీ టోపీని వెనక్కి లాక్కున్నాడు. “నాదైతే ఇచ్చేసేవాణ్ణే. మంత్రి వేషం బేకరీ ఆయనది. ఈ టోపీ పెట్టుకున్నప్పటి నుంచే ఆయనకు డైలాగులు గుర్తుంటున్నాయట. దీన్ని తాకనివ్వడు. ఏదైనా ఉంటే టీచరుగారితో మాట్లాడుకో.”

నాటకాలు వేయించే టీచరుగారు బడిలో రేఖాగణితం చెప్పి రిటైరైన మనిషి. వీధిలో సగం మంది ఆవిడ శిష్యులే. అందులో గడియారాలాయన ఒకడు, అంత చెప్పుకోదగ్గవాడు కాదు. ఆయన వెళ్ళేసరికి ఆవిడ రిహార్సల్ గదిలో నేల మీద సుద్దముక్కతో కోణాలు గీస్తోంది.

ఆయన చెప్పిందంతా విని, చేతులు దులుపుకుంటూ, “ఇస్తాను. నాకు గుర్రం కావాలి,” అంది.

“గుర్రాన్ని ఎక్కణ్ణుంచి తేనండీ?”

“తేవక్కర్లేదు, అవ్వాలి. మొన్నటిదాకా గుర్రం వేషం వేసింది ఆ కుళాయిలు బాగుచేసే కవల అన్నదమ్ములు. ముందు కాళ్ళెవరు, వెనక కాళ్ళెవరు అని కొట్టుకుని ఇప్పుడు ఒక దుప్పటి కిందకు రామంటున్నారు. నాటకం ఆదివారం మధ్యాహ్నం. నువ్వూ, ఇంకొకణ్ణి తెచ్చుకుని, గుర్రమవ్వండి. నాటకం అయిపోగానే యంత్రం నీది. బేకరీ వాడికి నేను చెబుతాను.”

ఇంకొకణ్ణి ఎక్కువ దూరం వెతుక్కోవలసిన పని పడలేదు. చెక్క గోడ అవతల నుంచి, “తల నాది!” అని ముందే కేక వినిపించింది.

అలా గడియారాలాయన గుర్రం వెనక భాగమయ్యాడు. నడుం వంచి, బామ్మర్ది నడుం పట్టుకుని, ఉన్ని దుప్పటి కింద చెమటలు కక్కుతూ నడవడం రోజూ సాయంత్రం ఆయన పని. డాక్టరు మహా ఉత్సాహంగా తల ఎగరేసేవాడు, సకిలించేవాడు, చెప్పా పెట్టకుండా గెంతేవాడు. అతను గెంతినప్పుడల్లా వెనకాయన ముక్కు అతని వెన్నుపూసకు కొట్టుకునేది.

“వెనక కాళ్ళూ!” అని టీచరుగారు అరిచేది. “నువ్వు ఆలోచిస్తున్నావు. నాకిక్కణ్ణుంచి కనిపిస్తోంది. వెనక కాళ్ళు ఆలోచించవు!”

“ఆలోచించడం లేదండీ.”

“మాట్లాడవు కూడా!”

ఇంట్లో ఆయన భార్య నవ్వు ఆపుకోలేక సతమతమయ్యేది. ఆవిడ బస్సులో కండక్టరు. ఎన్నో రకాల జనాన్ని చూసిందిగానీ, వంటింట్లోకి మంచినీళ్ళ కోసం కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చే మొగుణ్ణి చూడడం అదే మొదలు. “ఏవండీ, దాణా పెట్టమంటారా?” అని అడిగేది. తమ్ముడికి ఫోన్ చేసి, “ఒరేయ్, మా ఆయన్ని మరీ తన్నకురా,” అనేది. “నేను ముందున్నానక్కా, తన్నేది ఆయనే,” అని అతని జవాబు.

ఆయనకు ఈ అవమానాలేవీ పట్టలేదు. కళ్ళన్నీ టోపీ మీదే. రిహార్సల్ మధ్యలో బేకరీ ఆయన టోపీ తీసి కుర్చీ మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా, ఈయన జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఆ చక్రం మరమేకు ఊడుతుందా లేదా అని చూసేవాడు. తుప్పుపట్టి బిగుసుకుపోతే తర్వాత కష్టం కదా అని ఆయన బెంగ. అది మామూలు మరమేకు కాదు, మిగతావాటికి ఎదురు దిక్కులో తిరిగే రకం. ఒకరోజు అది కదిలింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. తిరిగి బిగించబోయేంతలో బేకరీ ఆయన రావడంతో టోపీ అక్కడ పెట్టేసి ఏమీ ఎరగనట్టు సకిలించాడు.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. మేనత్త ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. గుర్రంలో ఎవరున్నారో ఆవిడకెవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్కనే ఆయన భార్య డ్యూటీ దిగి నేరుగా వచ్చి, మెడలో విజిల్‌తోనే కూర్చుంది.

మొదటి అంకం సాఫీగా సాగింది. రెండో అంకంలో రాజుగారు తన ప్రియమైన గుర్రాన్ని మంత్రికి చూపిస్తారు. మంత్రి దాన్ని యుద్ధానికి పంపవద్దని ఆవేశంగా మాట్లాడాలి. బేకరీ ఆయన బాగానే ఎత్తుకున్నాడు. “మహారాజా! ఈ మూగజీవి...” అంటూ తలను ఒక్క విదిలింపు విదిలించాడు.

తింగ్.

హాల్లో ఎవరికీ అది వినపడలేదు. దుప్పటి కింద ఉన్నాయనకు మాత్రం వినపడింది. చక్రం చెక్కల మీద పడి, అంచు మీద దొర్లుకుంటూ పోతున్న సన్నటి చప్పుడు. ఆయన వెంటనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముందున్న డాక్టరుకు ఇది తెలియక తల ఎగరేస్తూ ముందుకు నడిచాడు. గుర్రం పొడుగైంది. ఇంకా పొడుగైంది. తర్వాత పర్రున చిరిగి రెండైంది.

గుర్రం వెనక సగం మోకాళ్ళ మీద పాకుతూ నేలను తడుముతోంది. తోక పైకి నిలబడి ఉంది. ముందు సగం తన వెనక ఏమీ లేదన్న సంగతి ఇంకా గ్రహించలేదు.

రాజుగారు ఏదో ఒకటి అనాలి కాబట్టి, “మంత్రీ... మా గుర్రానికి ఏమైంది?” అన్నాడు.

బేకరీ ఆయన టోపీ తడుముకున్నాడు. చక్రం లేదు. ఆ క్షణంలో ఆయన బుర్రలో ఉన్న డైలాగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కళ్ళు తేలేసి అటూ ఇటూ చూసి, గుర్రాన్ని చూసి, “ఈనుతోంది మహారాజా,” అన్నాడు.

“ఇది మగ గుర్రం కదా మంత్రీ?”

“అదే నాకూ ఆశ్చర్యంగా ఉంది మహారాజా.”

హాలు గొల్లుమంది. ఆ గోలలో దుప్పటి లోపలి నుంచి, “కాలెత్తరా!” అని అరుపు.

గుర్రం తల అటూ ఇటూ తిరిగి, “ఏ కాలు బావా?” అంది.

గుర్రం మాట్లాడేసరికి జనం కుర్చీల్లోంచి జారిపోయారు. ఎవరో పొట్ట పట్టుకుని నడవాలో కూలబడ్డారు. “కుడి కాలు! నీ డెక్క కింద ఉందిరా!” “నా కుడి కాలా, నీ కుడి కాలా?” “ఇద్దరిదీ ఒకే వైపురా వెధవా, మనమొకే గుర్రం!” జనం లేచి వేదిక వైపు తోసుకొస్తుంటే కండక్టరమ్మ అలవాటు కొద్దీ విజిల్ ఊది, “మధ్యలో నిలబడకండి! కూర్చోండి, కూర్చోండి!” అని అందరినీ సర్దేసింది. చివరికి డాక్టరు ఎడమ కాలెత్తి, దించి, కుడి కాలెత్తాడు. వెనక సగంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి దేన్నో గుప్పిట్లో పట్టుకుని, “దొరికింది! పళ్ళన్నీ ఉన్నాయి!” అని కేకేసింది.

“పుట్టగానే పళ్ళా!” అన్నాడు రాజుగారు, ఇక ఆయన కూడా నాటకం సంగతి వదిలేసి.

తెర దింపారు. గడియారాలాయనకు అప్పటికే తల ప్రాణం తోకకు వచ్చింది. టీచరుగారు తెర వెనక నిలబడి ఉంది, చేతిలో చెక్క స్కేలుతో. ముందు సగం, వెనక సగం వచ్చి తలలు వంచుకుని ఆవిడ ముందు నిలబడ్డాయి. బయట చప్పట్లు ఆగడం లేదు. ఆవిడ చాలాసేపు ఆ చప్పట్లు విని, “వచ్చే ఆదివారం కూడా ఈనాలి,” అంది. “కానీ ఇంకో రెండడుగులు ఎడమకు. వెనక కుర్చీల వాళ్ళకు కనపడలేదు.”

మాట ప్రకారం యంత్రం ఇప్పించింది. బేకరీ ఆయన టోపీని గుండెకు హత్తుకుని బావురుమన్నాడు. చూసినవాళ్ళకు కన్నీళ్ళొచ్చాయి. గడియారాలాయన ఊరుకోలేక దాని స్థానంలో ఒక చిన్న చేతి గడియారం యంత్రాన్ని, నడుస్తున్నదాన్నే, కుట్టించి ఇచ్చాడు. అది నుదుటి దగ్గర టిక్కు టిక్కుమంటుంటే బేకరీ ఆయనకు డైలాగులు గుర్తొచ్చాయి గానీ, అప్పటి నుంచీ టిక్కుకో మాట చొప్పున పలకడం మొదలుపెట్టాడు. మంత్రి అంటే అలా ఆచితూచి మాట్లాడాలి అని జనం మెచ్చుకున్నారు.

మర్నాడు గడియారాలాయన కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. మామయ్య గడియారాన్ని ముక్క ముక్కగా విప్పి, పెట్రోలులో కడిగి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఇరుసు ఇరుసుకూ సూది మొనంత నూనె వేశాడు. విరిగిన చక్రం తీసి, వేదిక మీద దొర్లిన చక్రాన్ని దాని చోట ఉంచాడు. రెండింటినీ ఒకే చెయ్యి చేసినట్టు అది కుదురుగా కూర్చుంది. దాన్ని ఆపి పట్టే కొక్కెం కూడా అరిగి ఉంటే, టోపీ యంత్రంలోంచి అదీ తీసి వేశాడు. మరమేకును ఎదురు దిక్కులో తిప్పి బిగించాడు. గోడ అవతల కూడా చప్పుడు లేదు. డాక్టరు గోడకు చెవి ఆనించి వింటున్నాడు.

కీ ఇచ్చాడు. ఈసారి కిర్రుమనలేదు. పట్టుచీర మడత విప్పినట్టు సన్నగా, మెత్తగా తిరిగింది. బ్యాలెన్స్ చక్రం ఒకసారి వణికి, ఆగుతుందేమో అన్నట్టు సందేహించి, ఊగడం మొదలుపెట్టింది.

“నడుస్తోందిరా,” అన్నాడు. గోడ అవతల ఎవరో నోట్లో దూదితోనే “ఆఁ!” అన్నారు.

సాయంత్రం గడియారం తీసుకుని మేనత్త ఇంటికి వెళ్ళాడు. ఆవిడ బట్టలు మడత పెడుతోంది. గడియారాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. బట్టలు ఒళ్ళోంచి జారిపోయినా చూసుకోలేదు.

“ఇదా దీని చప్పుడు,” అంది చివరికి.

“అదేమిటత్తా, మామయ్య ఉన్నప్పుడు వినలేదా?”

“ఎక్కడ నడిచిందిరా అది? పెళ్ళైన మొదట్లోనే కీ తిరగడం లేదని పటకారు పెట్టి తిప్పి తనే పాడుచేశాడు. నాకు చెప్పడానికి సిగ్గు. ఎవరైనా టైమెంతంటే చాలు, జేబులోంచి దర్జాగా తీసి, మూత తెరిచి, నా భుజం మీదుగా గోడ గడియారం చూసి చెప్పేవాడు. జీవితమంతా అదే. గోడ గడియారం లేని చోట అయితే ఆకాశం చూసేవాడు. నాకు తెలుసని ఆయనకు తెలియదు.”

“మరి నువ్వెందుకు అడగలేదత్తా?”

“ఎందుకడుగుతాను? ఎంత బాగా చేసేవాడో!” అని ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన కింద పడిన బట్టలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. తప్పుగా మడుస్తున్నాడని ఆవిడ లాక్కుంది.

“నా వేళ్ళకు పట్టు లేదు. రోజూ పొద్దున్నే వచ్చి నువ్వే కీ ఇవ్వాలి. ఎగ్గొట్టావంటే ఊరుకోను.”

“వస్తానత్తా.”

ఆయన చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ వెనక నుంచి పిలిచింది.

“అబ్బాయ్, నిన్న ఆ గుర్రంలో నువ్వు వెనకున్నావు కదూ?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “నీకెవరు చెప్పారత్తా?”

“ఒకరు చెప్పాలా? రెండో అడుగులోనే తెలిసిపోయింది. ఆ నడక మా అన్నయ్యదే. మా నాన్నదీ అదే. మన ఇంటి మగాళ్ళందరిదీ అదే నడక,” అని ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుంది.